ఎర్ర నూనె అంగడక్క

మా అక్క కొడుకు పోయిన నెలలో కారు కొన్నాడు. కర్నూలు నుంచి ఓర్వకల్లు రాళ్ళ గుట్టల దాకా నన్ను ఎక్కించుకొని పోయి, ఒక చెట్టు కింద ఆపి, బానెట్ ఎత్తి చూపించాడు. క్లచ్ లేని బండి. గేర్లు వాటంతట అవే మారతాయి. నల్లటి ప్లాస్టిక్ మూతలు తప్ప నాకేమీ కనిపించలేదు. "గేరు నూనె చూసే పుల్ల ఎక్కడుందిరా?" అని అడిగాను. వాడు నవ్వి, "ఇప్పటి బండ్లకు పుల్ల ఉండదు చిన్నమ్మా. మనం చూసే పనే లేదు" అన్నాడు.

వాడు ఆ మాట మామూలుగానే అన్నాడు. కానీ ఆ నూనెను తెల్లగుడ్డ మీద వేసి, ఎండకు పట్టి చూసే ఒక మనిషి నా కళ్ళ ముందు వచ్చి నిలబడింది. ఆమె పోయిందని తెలిసి నాలుగేళ్ళవుతోంది. ఇన్నాళ్ళూ ఆమె గురించి ఎవరితోనూ చెప్పలేదు. చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాల్సి వస్తుంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడే తన పేరు ఎక్కడైనా కనబడడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. రాజంపేట బస్టాండు నుంచి కడప వైపు పోయే రోడ్డులో ఆమె అంగడి. బోర్డు మీద చనిపోయిన భర్త పేరే ఉండేది. ఇంజను ఆయిలు, గ్రీజు, ఫ్యాను బెల్టులు, ఫిల్టర్లు అమ్మేది. లారీల వాళ్ళు, ట్రాక్టర్ల వాళ్ళు అందరూ ఆయిలంగడక్క అనేవాళ్ళు. నేను అంగడక్కా అనేదాన్ని. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్ళుంటాయి. ముతక నూలు చీర, ముక్కుకు ఒంటిరాయి పుడక, చేతులకు ఎంత తోమినా పోని నలుపు. భర్త పోయాక కూడా, ఆ నలుపు మీద రోజూ ఉదయం పసుపు రాసుకునేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. ఊరి చివర ఒక చిన్న ధర్మాసుపత్రిలో నేను నర్సుని. విదేశాల దాతలెవరో మా ఆసుపత్రికి ఒక పాత జీపు లాంటి పెద్ద బండి పంపించారు. నాలుగు చక్రాలూ లాగే బండి, కొండలకూ ఇసకకూ పనికొచ్చేది. ప్రతి బుధవారం చెయ్యేరు నది ఇసక దాటి, కొండ పాదంలో ఉన్న పల్లెకు పోయి మందులివ్వడానికి అది కావాలి. చిక్కల్లా ఒకటే, దానికి క్లచ్ లేదు. ఒక్క ఏడాదిలో ముగ్గురు డ్రైవర్లు వచ్చి పోయారు. మూడోవాడు తాళాలు బల్ల మీద పెట్టి, "ఇది ఆడోళ్ళు నడిపే బండి సార్" అని పోయాడు. మా డాక్టరుగారు ఆ మాటను తిట్టుగా తీసుకోలేదు. నా వైపు తిరిగి, "నువ్వు మోపెడ్ నడుపుతావు కదమ్మా" అన్నారు. ఆసుపత్రి వెనకున్న మైదానంలో పదిహేను రోజులు తిప్పి, ఆ తర్వాత బుధవారాలు నేనే నడపడం మొదలుపెట్టాను.

చలికాలం బాగానే గడిచింది. ఎండలు ముదిరేసరికి బండి మొండికేసింది. ఇసక దాటి కొండ దారి ఎక్కుతుంటే ఇంజను గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం కదలదు. కాసేపటికి ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఒక్క కుదుపుతో గేరు పడుతుంది. అప్పుడు కమురు వాసన వస్తుంది. ఊళ్ళో ఇద్దరు మేస్త్రీలకు చూపించాను. ఒకరు గేరు పెట్టె పోయిందన్నారు, ఇంకొకరు మద్రాసుకు తీసుకుపొమ్మన్నారు. ఆసుపత్రికి అంత స్తోమత లేదు. బండి ఆగిపోతే బుధవారాలు ఆగిపోతాయి. ఆ పల్లెకు ఇంకో బండి రాదు.

నూనె తగ్గి ఉంటుందేమోనని, డబ్బా కొందామని ఆమె అంగడికి పోయాను. "ఆటోమేటిక్ గేరుకు పోసే నూనె ఉందా?" అన్నాను.

ఆమె అరలోంచి డబ్బా తీసి, నాకు ఇవ్వకుండా తన ముందే పెట్టుకుంది. "లారీల స్టీరింగుకు పోసే ఎర్ర నూనే దానికీ పోసేదమ్మా. బండి యాడుండాది?"

"బయట ఉంది."

"పా, చూద్దాం. బండిని చూడకుండా నూనె అమ్మను."

బయటికి వచ్చి బానెట్ ఎత్తమంది. అప్పుడు ఆమె చేసిన పనిని తర్వాత నేను యాభై సార్లు చూసి ఉంటాను. నడుముకు దోపుకున్న తెల్లగుడ్డ పీలిక తీసింది. మాధవరం నేతగాళ్ళ దగ్గర మగ్గం మీద మిగిలిన అంచులు కట్టలుగా తెప్పించి పెట్టుకునేది. నూనె పుల్ల తీసి ఒక చుక్క ఆ గుడ్డ మీద పడనిచ్చి, రెండు చేతులా ఎండకు పట్టి చూసింది. వాసన చూసింది. ఇంకో చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుతూ, ఆ వేళ్ళను చెవి దగ్గర పెట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"ఎర్రగా ఉండాల్సింది. డికాషను లెక్క ఉండాది. మాడిందమ్మా ఇది."

"చెవి దగ్గర ఎందుకు పెట్టుకున్నారు?"

"ఇనప రజను ఉంటే గరగరమంటాది. మా నాయనకు బుడ్డల నూనె గానుగ ఉండె. నూనె మంచిదో మాడిందో వాసనకే చెప్పల్ల మేము, చెప్పకపోతే తిట్లు." బుడ్డలంటే వేరుశనగ. "ఇంత నూనె మాడిందంటే లోపల ఏదో శానా వేడెక్కతాండాది. కొత్త నూనె పోస్తే అదీ మాడతాది. ఎందుకు వేడెక్కతాండాదో ముందు అది చూడల్ల."

"మీకు ఈ గేరు పెట్టె తెలుసా?"

"తెలీదు," అంది నిదానంగా. "దీని పుస్తకం ఏమన్నా ఉండాదా?"

ఉంది. డాష్ బోర్డు అరలో ప్లాస్టిక్ కవరులో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. డ్రైవర్లెవరూ దాని జోలికి పోలేదు. ఆమెకు ఇంగ్లీషు రాదు, నాకు బండి తెలియదు. ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నాలు, అంగడికి బేరాలు రాని వేళ, ఆమె బల్ల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చొని ఆ పుస్తకం చదివాం. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పేదాన్ని. నాకే అర్థం కాని వాక్యం ఆమెకు అర్థమయ్యేది. "గేరు పెట్టెలోని నూనె పైపుల గుండా ముందుకు వచ్చి, రేడియేటరు అడుగున చల్లారి, మళ్ళీ వెనక్కు పోవును" అని చదివితే, వేలితో బల్ల మీద దారి గీసి, "అంటే ఇది కాగేది ఈడ, చల్లారేది ఆడ. చల్లారే కాడ అడ్డం పడితే కాగతానే ఉంటాది" అనేది. వేడి ఎక్కువైతే చూడవలసిన వరస పుస్తకంలో ఉంది. ఆమె ఆ వరస తప్పనిచ్చేది కాదు. తొందరపడి నేను తర్వాతి పేజీకి పోతే పుస్తకం మీద చెయ్యి పెట్టేది. "చల్లారనీ సిస్టరూ. ఒకటి చూసినాక ఇంకోటి."

చల్లారనీ అన్నది ఆమె ఊతపదం. కోపంగా వచ్చిన లారీ డ్రైవరుకూ అదే, కాగే పాలకూ అదే.

మొదట తేలింది, మేమంతా నూనె తప్పుగా కొలుస్తున్నామని. ఇంజను ఆపి పుల్ల చూస్తే నూనె నిండుగా ఉన్నట్టు కనబడుతుంది. బండిని చదునైన చోట నిలబెట్టి, వేడిగా ఉండగా, ఇంజను నడుస్తూ ఉండగా చూడాలి. అట్లా చూస్తే సగం కూడా లేదు. రెండోది, ఎదురుగా ఉన్న షెడ్డు మేస్త్రీ చేత పాత నూనె దించింది. పెట్టె అడుగు మూతలో ఒక అయస్కాంతం ఉంటుంది. మేస్త్రీ దాన్ని తుడిచేయబోతే లాక్కొని, దానికి అంటిన బూడిదరంగు ముద్దను వేళ్ళతో నలిపింది.

"పిండే. రవ్వ లేదు, లోపల ఏదీ విరగలేదు. పెట్టె బాగుండాది, పోలేదు," అంది. ఆ క్షణంలో ఆమె ముఖంలో వచ్చిన వెలుగు, బిడ్డకు జ్వరం దిగిందని చెప్పినప్పుడు తల్లుల ముఖాల్లో చూస్తుంటాను నేను.

మూడోది రేడియేటరు. దాని రేకుల మధ్య గడ్డి విత్తనాలు, చచ్చిన మిడతలు, ఇసక గట్టిపడి అట్ట కట్టి ఉన్నాయి. లోపలి వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టించింది. ముందు నుంచి కొడితే కసువు ఇంకా లోపలికి పోతుందంట. ఒక పూటంతా కొడితే గాని ఎండ అవతలికి కనబడలేదు. కొత్త నూనె పోశాం. తర్వాతి బుధవారం బండి బాగా పోయింది. ఆ తర్వాతి బుధవారం మళ్ళీ కమురు వాసన.

నేను అంగడికి పోయి బల్ల మీద కూలబడ్డాను. ఆమె గుడ్డ మీద చుక్క చూసింది. ఎరుపు అప్పుడే మసకబారుతోంది. గుడ్డ మడిచి మళ్ళీ నడుముకు దోపుకుంది. తర్వాత, "నువ్వు పోయే దావ నేను చూడలేదు సిస్టరూ. చూడకుండా ఎట్ల చెప్పేది? బుధవారం నేనూ వస్తా" అంది.

అది ఎంత పెద్ద మాటో నాకు అప్పుడు తెలియదు. భర్త పోయిన ఎనిమిదేళ్ళలో ఆమె అంగడి మూసిన రోజు లేదు. ఏడాదికొకసారి ఒంటిమిట్ట కల్యాణానికి తప్ప ఊరు దాటలేదు. బుధవారం ఉదయం తలుపు రేకు కిందికి లాగుతుంటే, పక్కనే కిరాణా అంగడి ఉన్న ఆమె మరిది బయటికి వచ్చాడు.

"వదినా, అంగడి మూసి యాడికి పోతాండారు?"

"బండి చూసేదానికి."

"బండి ఈడనే ఉండాది గదా. కొండల్లోకి పోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"అనుకోనీ నాయనా," అని తాళం వేసి, ఆ తాళంచెవి బొడ్లో దోపుకొని ముందు సీటులో ఎక్కింది. ఎక్కగానే చెప్పులు విప్పింది. మా ఇద్దరి సీట్ల మధ్య నేల ఉబ్బుగా ఉంటుంది, దాని కిందే గేరు పెట్టె. కాళ్ళు ఇటు జరిపి రెండు అరికాళ్ళూ ఆ ఉబ్బు మీద ఆనించింది. దారంతా కాళ్ళు అక్కడి నుంచి తీయలేదు.

ఆ రోజు డాక్టరుగారికి ఆపరేషను ఉండి రాలేదు. మేమిద్దరమే. ఏట్లో దిగి ఇసకలో సగం పోయాక ఆమె, "ఆపు" అంది. "కాళ్ళ కింద వేడి తెలుస్తాండాది. ఇంజను తిరిగినంత చక్రం తిరగలేదు. ఆ చిన్న కొమ్ము ఎందుకు వాడవు?"

పెద్ద గేరు కడ్డీ పక్కన ఇంకో పొట్టి కడ్డీ ఉండేది. దాన్ని ముట్టుకోవద్దని పాత డ్రైవర్లు నాకు చెప్పారు. చెప్పాను.

"పుస్తకంలో చదివితివి గదా. ఇసకకూ ఏటవాలుకూ అది కిందికి వేయల్లని. వాళ్ళు చెప్పింది ఇంటివి, పుస్తకం చెప్పింది ఇనలేదు."

బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఆ కడ్డీని కిందికి లాగాను. బండి నత్తలా, కానీ అరుపు లేకుండా, ఇసకను తొక్కుకుంటూ అవతలి గట్టు ఎక్కింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె కిటికీలోంచి కొండలు చూస్తోంది.

పల్లెలో మేము పోయేసరికి ఒక ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. తొలికాన్పు అమ్మాయి, తెల్లవారుజాము నుంచి నొప్పులు. నేను చూశాను. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. అక్కడ నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ అమ్మాయిని వెనక సీట్ల మధ్య పడుకోబెట్టి, ఆమె మొగుణ్ణి ఎక్కించుకొని బయలుదేరాం. మిట్టమధ్యాహ్నం. కొండ దిగి ఇంకా ఇసకకు రాకముందే డాష్ బోర్డులో ఎప్పుడూ చూడని ఎర్ర దీపం వెలిగింది. నూనె వేడి దీపం.

"ఆపు," అంది అంగడక్క. "ఇసకలో దిగకముందే, ఆ తుమ్మచెట్టు కాడ."

"ఆపను. పది నిమిషాల్లో ఏరు దాటుతాం," అన్నాను.

"దాటవు. నడి ఏట్లో నిలబడిపోతావు. ఆడ నిలబడితే ఇంగ కదలదు. ఆపి న్యూట్రల్‌లో పెట్టు, ఇంజను ఆపొద్దు. నూనె తిరగతా చల్లారల్ల."

ఆపాను. వెనక ఆ అమ్మాయి అరుపు మింగుకొని మూలుగుతోంది. నేను వెనక్కు పోయి ఆమె పక్కన కూర్చున్నాను. మొగుడు దిగి వచ్చి అంగడక్క ముందు చేతులు జోడించాడు. "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, పోనీండి."

నా మణికట్టుకున్న గడియారం అడిగి తీసుకొని ఆమె అతని చేతిలో పెట్టింది. "పెద్దముల్లు ఈడికి వచ్చినాక నన్ను పిలువు నాయనా. అంతదాకా దీన్నే చూస్తా ఉండు." అతను రెండు చేతులా ఆ గడియారాన్ని పట్టుకొని దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు నేను ఆమెను ద్వేషించాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉన్నా, నిజం. ఈ పిల్లకు ఏమన్నా అయితే జన్మలో ఈమె ముఖం చూడకూడదు అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే ఆమె బానెట్ ఎత్తి, గేరు పెట్టె నుంచి వచ్చే రెండు సన్న పైపులనూ గుడ్డతో పట్టుకొని చూస్తోంది. తర్వాత కొంగు నడుముకు బిగించి, కాలే నేల మీద వెల్లకిలా పడుకొని బండి కిందికి జరిగింది. నలభై అయిదేళ్ళ శెట్టిగారింటి ఆడమనిషి. ఆమె పాదాలు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. ఆ పాదాలు కదలకుండా ఉండడం చూస్తుంటే నా కోపం ఎక్కడికో పోయింది.

బయటికి వచ్చేసరికి జుట్టు నిండా మట్టి, మోచేయి కమిలి ఉంది. నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"దొరికింది పాపా. వచ్చే పైపు కాలతాండాది, పోయే పైపు చల్లగా ఉండాది. రాయి తగిలి ఆ పైపు అడుగున చపటగా నొక్కుకోని ఉండాది, మట్టి కింద అగపడలేదు. నూనె పోవాల్సినంత పోవడం లేదు. ఇప్పుడు దాన్ని ఏమీ చేయలేం. కాని దీపం ఆరినాక ఆ చిన్న కొమ్ములోనే, ఒకటే తీరున, నిదానంగా పో. ఆపొద్దు, తొందరపెట్టొద్దు. ఊరు చేరతాం."

నన్ను పాపా అని పిలవడం అదే మొదటిసారి.

దీపం ఆరింది. అతను గడియారం చూసి పిలవడమూ అప్పుడే. ఆమె అరికాళ్ళు మళ్ళీ ఆ ఉబ్బు మీద ఆనించి, ఏరు దాటేదాకా, "ఇంకా నిదానం… ఇప్పుడు బాగుండాది… అట్లనే పోనీ" అంటూ కూర్చుంది. ఏటి మధ్యలో ఒకచోట గేరు జారి ఇంజను అరిచింది. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి తీయలేదు. గట్టెక్కాం. ఆసుపత్రి చేరిన గంటకు డాక్టరుగారు ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. బిడ్డ వెంటనే ఏడవలేదు. వీపు రుద్ది, నోరు తుడిచి, తలకిందులుగా పట్టుకున్నాక ఏడ్చింది. నేను చేతులు కడుక్కొని బయటికి వచ్చేసరికి అంగడక్క లేదు. అంగడికి పోయింది. పోయి చూస్తే తలుపు రేకు ఎత్తి, ఏమీ జరగనట్టు ఎవరికో గ్రీజు తూచి ఇస్తోంది. "పిల్ల ఏడ్చిందా?" అని ఒక్క మాట అడిగింది. ఏడ్చింది అన్నాను. తక్కెడ దించి, వెనక్కు తిరిగి, గోడ వైపు ముఖం పెట్టి కాసేపు నిలబడింది.

మరునాడు మేస్త్రీ నొక్కుకుపోయిన ముక్కను కోసి, నూనెకు తట్టుకునే రబ్బరు గొట్టం వేసి, రాళ్ళు తగలని వైపు తిప్పాడు. ఆ తర్వాత ఆ బండి మళ్ళీ వేడెక్కలేదు.

వేడెక్కకపోయినా తర్వాతి బుధవారం ఉదయం ఆమె అంగడి మూసి రోడ్డు మీద నిలబడి ఉంది. "నూనె చూడల్ల" అంది. దాని తర్వాతి బుధవారం, "ఆ గొట్టం ఎట్లుండాదో చూడల్ల" అంది. మూడో బుధవారానికి సాకులు అయిపోయాయి. ఏమీ అనకుండా ఎక్కి చెప్పులు విప్పింది. అట్లా రెండేళ్ళు.

పల్లెలో నేను మందులిచ్చేంతసేపూ ఆమె ఒక బండమీద కూర్చొని బుడ్డలు ఒలుచుకొని తింటూ కొండలు చూసేది. ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చునేవాళ్ళు. ఆ ఆపరేషను పిల్ల తల్లి, బిడ్డను తెచ్చి ఆమె ఒళ్ళో వేసి తన పని చూసుకునేది. ఒకసారి ఏట్లో బండి ఆపి, "నువ్వు నడుపుతావా అక్కా? ఇక్కడ తగలడానికి ఏమీ లేదు" అన్నాను. ఆమె స్టీరింగు వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"నేను నడిపేదానికి రాలేదు పాపా. పోయేదానికి వచ్చినా." మామూలు గొంతుతోనే చెప్పింది. "పద్దెనిమిదేండ్లకు ఈ ఊరికి వచ్చినా. ఆయన ఉన్నన్నాళ్ళూ వంటిల్లు దాటలేదు, పోయినాక అంగడి దాటేదానికి లేకపోయె. ఊరికే యాడికన్నా పోదాం పా అని నన్ను ఎవరూ పిలవలేదు."

నేనూ పిలవలేదు. ఆమే వచ్చింది.

ఒకసారి డాక్టరుగారు అందరి ముందూ కోప్పడితే ఏడుస్తూ అంగడికి పోయాను. కారణం అడగలేదు. బల్ల మీద చోటు చూపించి, "ముందు న్యూట్రల్‌లో పెట్టు" అంది. ఏడుపులోనే నవ్వేశాను. ఆ పుస్తకంలో మాటలు ఆమె అట్లా వాడుకునేది.

తర్వాత నాకు కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. దాదాపు అదే సమయంలో దాతలు చేతులెత్తేసి, బండిని ఇంకే జిల్లాకో పంపించారు. బయలుదేరే రోజు చెప్పడానికి పోయాను. అంగడిలో ఇద్దరు లారీ వాళ్ళున్నారు.

"పోతున్నా అక్కా," అన్నాను.

"బుధవారం బండి ఎవరు నడుపుతారు?"

"బండే పోయిందక్కా. ఇంక పల్లెకు ఎవరూ పోరు."

"అట్లనా," అంది. అని, లారీ అతని వైపు తిరిగి, "నీకేం కావల్లప్పా?" అని అడిగింది.

నేను కాసేపు నిలబడ్డాను. ఆమె మళ్ళీ నా వైపు చూడలేదు. రెండేళ్ళ స్నేహానికి ఒక్క మంచి మాట చెప్పలేకపోయిందే అని నాకు బాధేసింది. ఆ బాధ కర్నూలు చేరేసరికి అలకైంది, ఏళ్ళు గడిచేసరికి అలవాటైంది. ఉత్తరం రాయలేదు. సెల్ ఫోన్లు వచ్చాక నంబరు కనుక్కోలేదు. ఆమే చేస్తుందిలే అనుకున్నాను.

నాలుగేళ్ళ కిందట ఒక పెళ్ళికి రాజంపేట పోయాను. అంగడి ఉన్న చోట సెల్ ఫోన్ల కొట్టు ఉంది. పక్క కిరాణా అంగడిలో మరిది బాగా ముసలివాడై కూర్చొని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. బండి సిస్టరునని చెప్పాక కుర్చీ వేశాడు. "వదిన పోయి రెండేండ్లాయె తల్లీ. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అంగడి పోయినాది. పొద్దుటూర్లో వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉండె. నిద్దర్లోనే పోయింది."

పెళ్ళికి ఇంకా వేళ ఉంది. ఆటో మాట్లాడుకొని ఆ పల్లెకు పోయాను. ఇప్పుడు ఏటి మీద వంతెన ఉంది, కొండ దారికి తారు కూడా పడింది. ఆ రోజు మేము మోసుకొచ్చిన అమ్మాయి ఇప్పుడు నడివయసు మనిషి. నన్ను చూడగానే గుర్తుపట్టి చేతులు పట్టుకుంది. నీళ్ళిచ్చింది. అంగడక్క పోయిన సంగతి ఆమెకు తెలుసు.

"మీరు పోయినాక కూడా శానా దినాలు వచ్చింది సిస్టరమ్మా," అంది.

నాకు అర్థం కాలేదు. "ఎవరు?"

"అంగడక్క. బుధవారం బుధవారం. ఏటి దాకా యాదో ఒక ఆటోలో వచ్చేది. ఆడి నుంచి ఇసకలో నడిచి, కొండ దావన ఎక్కి వచ్చేది. ఎండకు ముఖమంతా కందిపోయి ఉండేది. ఎందుకక్కా ఇంత కష్టపడి వస్తాండావంటే, ఊరికే, గాలికి వచ్చినా అనేది. నా బిడ్డను ఒళ్ళో పెట్టుకోని ఆ బండమీద కూర్చునేది. సిస్టరు ఏమన్నా వచ్చిందా ఈడికి, అని అడిగేది. లేదక్కా అంటే, వస్తాదిలే, అనేది."

"ఎన్నాళ్ళు వచ్చింది?"

"ఏడాది వచ్చింటాది. మళ్ళీ ఎండాకాలం దాకా. కాళ్ళు వాచినాక మానుకుంది."

ఆ ఏడాది నేను కర్నూల్లో ఉన్నాను. నాకు వారంలో ఒక రోజు సెలవు ఉండేది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి రాజంపేట. అలిగి, ఒక్కసారి కూడా ఎక్కలేదు.